ముత్తవ్వ చేదుదుంపలు

అనగనగా ఒక కొండ అడవిలో, రాళ్ల నడుమ పారే వాగు పక్కన, ముత్తవ్వ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. ఎండలు ముదిరి పండ్లు అయిపోతే ఆ అడవికి చేదుదుంపలే దిక్కు. పచ్చివి తింటే విషం. వాటిని ఎలా తినాలో ముత్తవ్వకే బాగా తెలుసు.

"పలచగా తరగాలి. మూడు రోజులు పారే నీళ్లలో ఉంచాలి. మా అమ్మ అలాగే చేసేది, వాళ్లమ్మా అలాగే చేసేది," అనేది.

"పారే నీళ్లే ఎందుకవ్వా?" అని ఒకనాడు ముళ్లపంది సింగన్న అడిగాడు.

ముత్తవ్వ మనసు చివుక్కుమంది. "ఇన్నేళ్లూ అవి తినే కదా బతికారు! ఇంకా ఎందుకంటావేం?" అని మొహం తిప్పుకుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు ఎండిపోయింది. కొండ కింద చిన్న ఊట మాత్రం మిగిలింది. ముత్తవ్వ ఒక రాతిగుంటలో ఊటనీళ్లు నింపి, దుంపముక్కలు మూడు రోజులు నానబెట్టింది. మూడో రోజు గడవగానే, ముత్తవ్వ నలిపి చూసేలోపే, ఆకలికి ఆగలేని అడవిపంది ఒక ముక్క గబుక్కున నోట్లో వేసుకుంది. అంతే! గొంతు మండి కిందపడి దొర్లింది. రెండు రోజులు లేవలేదు.

"నావల్లే ఇలా అయింది," అని ముత్తవ్వ కుమిలిపోయింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పకూడదనుకుంది. కానీ ఆకలితో ఏడుస్తున్న కుందేలు పిల్లల్ని చూసి ఉండబట్టలేకపోయింది. తానే సింగన్న బొరియ దగ్గరికి నడిచింది.

"నువ్వడిగినదానికి జవాబు నాకూ తెలియదు నాయనా. ఇద్దరం కలిసి చూద్దాం, రా," అంది.

సింగన్న గుంటలో నీళ్లు వాసన చూశాడు. "అవ్వా, విషమంతా ఈ నీళ్లలోకే దిగినట్టుంది. వాగైతే మోసుకుపోయేది. ఇక్కడ ఎటూ పోలేక నిలిచిపోయింది. నీళ్లు మార్చి చూద్దామా?"

మూడు గుంటల్లో ముక్కలు వేశారు. మొదటి గుంటలో నీళ్లు మార్చలేదు. రెండోదానిలో రోజుకొకసారి మార్చారు. మూడోదానిలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మార్చారు.

మూడు రోజులయ్యాక సింగన్న రుచి చూడబోయాడు.

"ఆగు! నోట్లో పెట్టకు!" అని ముత్తవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు నలిపి చూడు. జిగురుంటే విషం ఉన్నట్టే."

మొదటి గుంట ముక్క జిగటగా సాగింది. రెండోది కొంచెం అంటుకుంది. మూడోది పుటుక్కున విరిగింది. దాన్ని ముత్తవ్వే ముందుగా గోరంత తింది. పొద్దుగూకేదాకా అందరూ ఆమె మొహమే చూస్తూ కూర్చున్నారు. ఏమీ కాలేదు.

"ఇక రండర్రా!" అంది ముత్తవ్వ.

అడవిపంది కాస్త జంకింది. తర్వాత అందరికంటే ఎక్కువ తింది. మర్నాటి నుంచి నీళ్లు మార్చడానికి వంతులు వేసుకున్నారు. మళ్లీ వానలు పడేదాకా ఆ అడవిలో ఎవరూ పస్తుండలేదు.

నీతి: పెద్దల అనుభవాన్ని గౌరవించాలి, ఎందుకని అడిగి పరీక్షించి చూడాలి. రెండూ కలిస్తేనే కష్టకాలం నుంచి గట్టెక్కగలం.