వెనక పడవ

అనగా అనగా ఒక ఉప్పుగాలి తీరం. ఆ తీరాన ఒక రేవు, రేవు పక్కనే ఒక యూదుల పేట. పిల్లలూ, ఈ కథలో సముద్రపు దొంగలున్నారు గాని, వాళ్ళ గురించి చెప్పేదేమీ లేదు. ఇది మంచివాళ్ళు చేసిన తప్పు కథ. అందుకే చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, చెప్పకుండా ఉండనూ లేను.

ఆ పేటవాళ్ళు ఓడల మీద మిరియాలు, ఏలకులు తీసుకుపోయి అమ్ముకునేవారు. ఒక ఏడాది దొంగలు వాళ్ళ ఓడను పట్టుకుని, పన్నెండుమంది పడుచువాళ్ళను ఒక దీవికి ఎత్తుకుపోయారు. మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ పేటలో పెళ్ళిపాట వినపడలేదు, పండక్కి ఎవరూ కొత్త బట్ట కట్టలేదు. పొద్దున, సాయంత్రం ప్రార్థనలో ఆ పన్నెండు పేర్లూ వరసగా చదివేవారు.

మూడేళ్ళకు ఆ దీవి దొరకు కొడుకు పుట్టాడు. ఆ సంబరంలో ఆయన బందీలందరినీ వదిలేశాడు.

ఓడ వచ్చిన రోజు పేటంతా రేవుకు పరుగెత్తింది. పొయ్యి మీద కూరలు మాడిపోతున్నా ఎవరికీ పట్టలేదు. తల్లులు కొడుకుల్ని తడిమి తడిమి చూసుకున్నారు. తండ్రిని ఎరగని పసివాళ్ళు తల్లి వెనక నక్కి తొంగి చూశారు. ఎంత ఏడుపు, ఎంత నవ్వు! కానీ ఓడ దిగినవాళ్ళు పదకొండుమందే.

పన్నెండోవాడు గెదల్యా. విడుదలకు రెండు రోజుల ముందు జ్వరంతో పోయాడు. తల్లి సిప్పోరమ్మకు వాడొక్కడే సంతానం. భర్త ఏనాడో పోయాడు.

ఆమె జనాన్ని తోసుకుంటూ ఎల్కానా దగ్గరికి వచ్చింది. ఎల్కానా ఆ పేటకు గురువు, ధర్మశాస్త్రం చదివినవాడు, చీమకైనా అపకారం తలపెట్టని మనిషి. సంగతి అప్పుడే ఆయన చెవిన పడింది.

"మా వాడేడీ అయ్యా?" అంది సిప్పోరమ్మ.

ఆయన ఆమె ముఖం చూశాడు. మూడేళ్ళ తర్వాత నవ్వుతున్న జనాన్ని చూశాడు. మనసు ఒప్పలేదు.

"వెనక పడవలో వస్తున్నాడమ్మా," అన్నాడు.

"చల్లని మాట చెప్పారయ్యా!" అని ఆమె ఆయనకు దండం పెట్టింది.

బందీల్లో ఓబద్యా అనే కుర్రవాణ్ణి గెదల్యాతో కలిపి ఒకే గొలుసుకు కట్టేశారు. గెదల్యా కన్నుమూసింది అతని ఒళ్ళోనే. అతను ఆ పూటే గురువును పక్కకు పిలిచాడు.

"అయ్యా, ఆమెకు నేను చెబుతాను."

"ఇవాళ విందురా అబ్బాయీ. ఇన్నాళ్ళకు జనం ముద్ద దిగేలా తింటున్నారు. రేపు చూద్దాం."

శుక్రవారం నాడు ఓబద్యా మళ్ళీ అడిగాడు. "పొద్దు వాలితే విశ్రాంతి దినం. ఆ రోజు ఎవరూ ఏడవకూడదు. అది గడవనీ," అన్నాడు గురువు.

కొన్నాళ్ళు పోయాక మూడోసారి అడిగాడు. ఈలోగా ఓబద్యాకే పెళ్ళి కుదిరింది. "చావు కబురు చెప్పి పెళ్ళిపీట ఎక్కుతావా? ఆ పిల్ల మొహం చూడు. వేడుకలు ఏడు రోజులూ ముగియనీ," అన్నాడు గురువు.

మూడూ మంచి కారణాలే. అబద్ధానికి అంత మంచి కారణాలు దొరకడమే మన దురదృష్టం.

సిప్పోరమ్మ మాత్రం ఇంటికి సున్నం కొట్టించింది. కొడుకు చిక్కిపోయి ఉంటాడని బిగువుగా చొక్కా కుట్టింది. ఇంటి తిండికి ఒళ్ళు చేస్తాడు కదా అని కుట్లు విప్పి మళ్ళీ వదులు చేసింది. ఓబద్యా పెళ్ళిలో అందరికంటే ముందు నిలబడి, చప్పట్లు కొట్టి పాడింది. అప్పటికి సంగతి తెలిసిన పేటవాళ్ళంతా తలలు దించుకున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

వేడుకల ఏడో రోజున ఆమె పెళ్ళికొడుకు దగ్గరికి వచ్చింది.

"నాయనా, కొత్త పెళ్ళికొడుకువి, నిన్ను విసిగించకూడదు. ఒక్క మాట చెప్పు. ఆ వెనక పడవ ఎక్కడ ఆగిపోయింది?"

ఓబద్యా గురువు వైపు చూశాడు. గురువు వద్దని తల ఊపాడు. ఓబద్యా ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"వెనక పడవ లేదమ్మా."

జ్వరం గురించి చెప్పాడు. ఆఖరి మాటగా గెదల్యా తల్లినే పిలిచాడని చెప్పాడు. దీవిలో ఏ కొండ కింద పూడ్చారో చెప్పాడు. ఏ రోజో కూడా చెప్పాడు.

ఆమె పెళ్ళిపందిరి వైపు చూసింది. తర్వాత, "నిన్న కూడా పాడాను కదా నాయనా," అంది.

ఆ పేటలో ఒక ఆచారం ఉంది. అయినవాళ్ళు పోతే బట్ట చింపుకుని ఏడు రోజులు నేల మీద కూర్చుంటారు. ఆ ఏడు రోజులూ ఇరుగుపొరుగు వండి తెచ్చి తినిపిస్తారు, పక్కన కూర్చుంటారు, పోయినవాళ్ళ ముచ్చట్లు చెప్పిస్తారు. పొయ్యి కూడా వెలిగించనివ్వరు. సిప్పోరమ్మ తన రవికె అంచు చింపుకుంది, ఇంటికి పోయి నేల మీద కూర్చుంది. పేటంతా ఆమె వెనకే వెళ్ళింది.

"ఏడు రోజులు ఇవాళ్టి నుంచే కదా అయ్యా?" అని అడిగింది గురువును.

ఎల్కానా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. శాస్త్రంలో ఇంకొక మాట ఉంది. చావు కబురు ముప్పై రోజులు దాటాక తెలిస్తే, బిడ్డ కోసం కూర్చోవలసింది ఒక్క గంటే. గెదల్యా పోయి ఆనాటికి ముప్పై అయిదు రోజులు. ఓడ వచ్చిన రోజే చెప్పి ఉంటే ఆమెకు ఏడు రోజులూ దక్కేవి.

"ఒక్క గంటేనమ్మా," అన్నాడు.

"ఒక్క గంటా? కడుపున మోసిన బిడ్డకు?"

ఆమె శాస్త్రం మీరే మనిషి కాదు. గంట కూర్చుంది. గెదల్యా నడక నేర్చిన నాటి ముచ్చట మొదలుపెట్టింది. అది సగంలో ఉండగానే గంట అయిపోయింది. ఆమె లేచి ముఖం కడుక్కుంది.

"తప్పు చేశానమ్మా. నీ మీద జాలితోనే దాచాను," అన్నాడు ఎల్కానా.

"తెలుసయ్యా. మీరు చెడ్డవారైతే మిమ్మల్ని తిట్టుకునైనా బతికేదాన్ని," అని ఆమె పొయ్యి వెలిగించుకోవడానికి లోపలికి వెళ్ళింది.

నాటి నుంచి ఆ పేటకు ఓడ వస్తే, పెద్దలు మొదట రాని మనిషి ఇంటికే వెళతారు. విందు ఆ తర్వాతే. అలా చెయ్యమని అందరి ముందూ నిలబడి అడిగినవాడు ఓబద్యా, సరేనని మొదట తల వంచినవాడు ఎల్కానా. దానివల్ల సిప్పోరమ్మకు ఒరిగిందేమీ లేదు.

కాబట్టి పిల్లలూ, ఎవరి దుఃఖం వారి సొత్తు. జాలితో దాచినా అది దొంగతనమే.