పైవాళ్ళు

కూర్మయ్య మాస్టారిలో ఒక పెద్ద లోపం ఉంది. ఏదడిగినా ఔననీ చెప్పరు, కాదనీ చెప్పరు. పంచాయతీ సంగతులు నేర్చుకుందామని ఆయన అరుగెక్కే మాలాంటి శిష్యులకు సగం ఓపిక అక్కడే అయిపోతుంది.

ఆ రోజు కొత్తగా గెలిచిన సర్పంచి సత్యవేణి వచ్చింది. విదేశాలకు రొయ్యలు పంపే కంపెనీ ఒకటి వాళ్ళ ఊరి మంచినీళ్ళ చెరువును ఇకమీదట తానే చూసుకుంటానందట. గట్లు వాళ్ళే కడతారు, తూము వాళ్ళ చేతిలో ఉంటుంది, ఊరికి పైసా ఖర్చు లేదు. మర్నాడే గ్రామసభ.

"సంతకం పెట్టమంటారా, వద్దంటారా మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని కొత్తమెరక సంగతి ఎత్తుకున్నారు.

గోదావరి కాలువల చిట్టచివర ఊరది. అక్కడ పైవాళ్ళు అంటే పొరుగూరి జనం. పెళ్ళిళ్ళలో "పైవాళ్ళొచ్చారు, ముందు వాళ్ళకి వడ్డించండి" అనుకునేవారు. వేసవిలో నీళ్ళు ఆపి కాలువలు కట్టేసేలోపు చెరువు నింపుకోవాలి. లేదంటే తాగడానికి చుక్క ఉండదు, బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కాలువ నీళ్ళు చెరువులోకి వచ్చే తూముకు అడ్డంగా ఒక చెక్క పలక. దాన్ని ఎప్పుడు ఎత్తాలో ఊరంతా చేరి, గొంతులు చించుకుని తేల్చుకునేది.

ఇలాంటి కంపెనీయే అక్కడికీ వచ్చింది. చెరువును అద్దంలా చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. అరుచుకునే బాధ తప్పిందని ఊరు సంతోషించింది కూడా. కొన్నేళ్ళకు ఎక్కడో దూరదేశంలో రొయ్య ధర పడిపోయింది. ఆ వేసవి తూము దగ్గరికి కంపెనీ మనిషి రాలేదు. ఆ ఊరి సర్పంచి వెళ్ళి అడిగితే గేటు దగ్గర వాచ్‌మన్ "పైవాళ్ళు చెప్పాలండి" అన్నాడు. మేనేజరుకు ఫోన్ చేస్తే ఆయనదీ అదే మాట. ఆ పైవాళ్ళకు పైవాళ్ళు సముద్రం అవతల ఉన్నారట, అక్కడ పండగ సెలవులట. ఊరు ఓపిగ్గా కాచుకుంది. పక్కన కాలువ నిండుగా పారుతూనే ఉంది.

"పలక మనదే కదరా, ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది" అంది బిందె పట్టుకొచ్చిన వీరాయమ్మ.

"పైవాళ్ళు ఏమంటారో పిన్నీ" అన్నాడు సర్పంచి.

మర్నాడు కాలువ కట్టేశారు. ఆ వేసవంతా ఊరు ట్యాంకరు వెనక బిందెలతో పరుగెత్తింది. వింటున్న నాకు ఒళ్ళు మండింది. పలక చేతికందేంత దూరంలోనే ఉంది కదా!

సత్యవేణి లేచి కొంగు సర్దుకుంది.

"అయితే పెట్టొద్దనేగా మీ మాట?"

"నన్నడుగుతావేంటమ్మా?" అన్నారు మాస్టారు. "మీ ఊరికి నేనూ పైవాణ్ణే."