అందరూ చేరిన పటాలం

పాలవాగు ఇవతలి గట్టున జంతువులన్నీ కలిసి బతికేవి. తవ్వుకొచ్చిన దుంపలూ, ఏరుకొచ్చిన జొన్నకంకులూ అన్నీ ఒకే గాదెలో పోసుకునేవి. గేదె పోలమ్మ గట్టుకి పెద్ద. ఆవిడ మాట నెమ్మది, నడక ఇంకా నెమ్మది. వానలు పడేలోగా వాగు అడ్డుకట్ట బాగుచేయించాలని ఆవిడ ఆలోచన. కట్ట తెగిందంటే వచ్చే వేసవికి తాగడానికి చుక్క నీరుండదు.

సరిగ్గా అప్పుడే నక్క జిత్తయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"పోలమ్మత్తా, ఇంకా తీరిగ్గా నెమరేస్తున్నావా? అవతలి గట్టువాళ్లు అడవిపందుల్ని పోగేస్తున్నారు! నెత్తిన కొబ్బరిచిప్ప టోపీలు, నోట్లో తాటిమట్ట కత్తులు!"

"అయ్యబాబోయ్! ఎవరి మీదికట?"

"ఇంకెవరి మీదికి? వాగుకి ఉన్నవి రెండే గట్లు కదత్తా!"

ఆ టోపీలు అవతలివాళ్లకి అమ్మింది తనేనని జిత్తయ్య చెప్పలేదు. పోలమ్మకి అడగాలని తోచలేదు. ఇవతలివాళ్లకీ టోపీకి గంపెడు దుంపలు, కత్తికి గంపెడు కంకులు అని అతనితో బేరం కుదిరింది. ఇవతలి గట్టు అడవిపందులన్నీ పటాలంగా చేరాయి. వాటిలో బలిసినవాడు దంతరాయుడు సేనాపతి అయ్యాడు.

"మరి కట్ట సంగతి?" అని అడిగింది మేక చుక్కమ్మ.

"ముందు ప్రాణాలు దక్కనీయమ్మా, కట్ట తర్వాత చూద్దాం," అంది పోలమ్మ.

అవతలినుంచి ఎవరూ రాలేదు. ఇవతల పందులు మాత్రం తిని తిని నున్నగా తయారయ్యాయి. ఒకరోజు పొద్దున్నే దంతరాయుడు గట్టు మధ్యనున్న బండెక్కి గట్టిగా గుర్రుమన్నాడు.

"ఇవాళ్టి నుంచి ఈ గట్టుకి నేనే పెద్ద! పోలమ్మగారు ఆరోగ్యం బాగాలేక విశ్రాంతి తీసుకుంటున్నారు!"

వాగులో మునిగి ఉన్న పోలమ్మ తల పైకెత్తింది. "నాకేమైందిరా? ఇప్పుడేగా బుట్టెడు గడ్డి తిన్నాను?"

"చూశారా పాపం! జబ్బు చేసిందన్న సంగతి కూడా తెలియనంత జబ్బు!"

పందులన్నీ టోపీలు ఊపాయి. దంతరాయుడు ఆ ఊపులోనే ఇంకో మాట అన్నాడు. "గాదెలో ముందు సైన్యం తింటుంది. మిగిలితే మిగతావాళ్లు తినొచ్చు."

ఏమీ మిగల్లేదు.

దంతరాయుడి సంబరం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. అతను బురదలో పొర్లడానికి వెళ్లాడో లేదో, బావమరిది బురదయ్య బండెక్కి, "సైన్యానికి మేత రెట్టింపు!" అని అరిచాడు. పందులన్నీ బురదయ్య వెనక చేరాయి. దంతరాయుడు ఒళ్లంతా బురదతో పరుగెత్తుకొచ్చి, "దానికి రెట్టింపు!" అన్నాడు. పందులన్నీ ఇటు తిరిగాయి. మర్నాడూ అదే తంతు. ఎవరికి సలాం కొట్టాలో తెలియక బాతులు బండకే సలాం కొట్టి పోయేవి.

నవ్వులాటగానే ఉండేది గానీ, గాదె అడుగు కనిపిస్తోంది. కుందేలు పిల్లలకి గెంతే ఓపిక లేదు. చుక్కమ్మ పిల్లలు ఎండుబెరడు నములుతున్నాయి. వాటిని చూసి చుక్కమ్మ లేచింది. తిన్నగా బండ దగ్గరికి వెళ్లింది.

బండ మీద దంతరాయుడు వీపు రాసుకుంటున్నాడు.

"దండాలు దొరా. ఒళ్లు దురదా?"

"దురదే! బురదలోకి దిగితే బండ పోతుంది. దిగకపోతే ప్రాణం పోయేలా ఉంది."

"బురదయ్య వెనక ఎవరున్నారు దొరా?"

"పందులు."

"మీ వెనక?"

"ఆ పందులే!"

"అదీ చిక్కు. మా మేకల్నీ, కుందేళ్లనీ, బాతుల్నీ కూడా పటాలంలో చేర్చుకోండి. బురదయ్య మొహం చూసి మేమెవరం వెళ్తాం? మీరు సుఖంగా పొర్లొచ్చు."

"మీరు యుద్ధాలు చేస్తారా?"

"ఇప్పటిదాకా చేసిందెవరు లెండి!"

పక్కనే ఉన్న జిత్తయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. బాతులక్కూడా టోపీలు! కుందేళ్లకి చెవుల దగ్గర కంతలున్న టోపీలు! "దొరా, ఇంత తెలివైన మాట నేనెన్నడూ వినలేదు," అన్నాడు గబగబా.

గట్టంతా పటాలంలో చేరింది. బాతులకి టోపీలు కళ్లమీదికి జారి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కవాతు చేశాయి. పొద్దుటి కవాతుకి బయల్దేరిన తాబేలు సాయంత్రానికి హాజరైంది. పోలమ్మ కూడా మామూలు సిపాయిగా వరసలో నిలబడింది. తోక ఆడించినప్పుడల్లా వెనక సిపాయి కిందపడేవాడు.

మధ్యాహ్నం గాదె తెరిచారు. "ముందు సైన్యం!" అని దంతరాయుడు కేకేశాడు.

గట్టంతా వరసలో నిలబడింది.

"ఇదేంటి, మా వాటా?" అన్నాయి పందులు.

"మేమూ సైన్యమే బాబూ," అంది కుందేలు, పిల్లల్ని ముందుకి తోస్తూ.

అందరూ సమానంగా తిన్నారు. దంతరాయుడు ఇక నిశ్చింత అనుకుని బురదలోకి దిగి, కళ్లు మూసుకుని హాయిగా పొర్లాడు. కళ్లు తెరిచేసరికి బండ మీద చుక్కమ్మ ఉంది.

"కట్ట పని మొదలు! మట్టి తవ్వినవాళ్లకే మేత!"

"సైన్యమా! దాన్ని పట్టుకోండి!" అని దంతరాయుడు గావుకేక పెట్టాడు.

ఒక బాతు టోపీ పైకెత్తి చూసింది. "దొరా, సైన్యం అంటే మేమే. మమ్మల్ని మేమే పట్టుకోమంటారా?"

దంతరాయుడు తన పందుల వైపు చూశాడు. మేతన్న మాట వినగానే బురదయ్య అప్పటికే కట్ట దగ్గర ముట్టెతో మట్టి తవ్వుతున్నాడు. మిగతా పందులూ అటే పరుగెత్తాయి. బురదలో సేనాపతి ఒక్కడే మిగిలాడు. కాసేపు మూలిగి, ఆకలేసి, తనూ వెళ్లి తవ్వాడు.

జిత్తయ్య ఊరుకుంటాడా? వాగు దాటి అవతలివాళ్ల దగ్గర గగ్గోలు పెట్టాడు. "ఇవతలివాళ్లు మీ మీదికి కోట కడుతున్నారు!"

అవతలివాళ్లు కత్తులతో గట్టు చివరికొచ్చి చూశారు. ఎదురుగా పోలమ్మ, టోపీలనిండా మట్టి మోస్తున్న బాతులు.

"ఏం కడుతున్నారు?" అని అరిచారు.

"కట్ట! మీ వైపు కొస కూడా కూలిపోయింది, చూసుకోండి!" అంది పోలమ్మ.

చూసుకున్నారు. నిజమే, కూలిపోయింది. వాళ్లూ టోపీలు తీసి మట్టెత్తారు. వానలొచ్చినా కట్ట నిలిచింది. టోపీలు కొనమని జిత్తయ్య రెండు గట్లూ తిరిగి గొంతు చించుకున్నాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. చివరికి నడివాగులో, మోకాళ్లదాకా నీళ్లలో, నెత్తిన టోపీల మూటతో అలాగే నిలబడిపోయాడు.

తిండికి కాపలా పెట్టుకోవచ్చు గానీ, ఉన్న తిండంతా కాపలాకే పెట్టకూడదు.