చీమల బారు చివర ఉత్తనోటి చీమ

ఒకప్పుడు చీమల బారులో ప్రతి చీమ నోటా గింజ ఉండేది. ఉత్తనోటితో ఒక్క చీమా పుట్టకు వచ్చేది కాదు.

రాగులు పండే చోడిచేను గట్టు కింద ఒక చీమలపుట్ట. దాని వాకిలి కాపలా నూకాలు అనే చీమది. వాకిట్లో ఎనిమిది చీమలకే చోటు. అందుకని మోతచీమలు ఎనిమిదేసి చొప్పున వచ్చి, గింజలు నూకాలుకు అందించి, చేలోని తమ రాతిగూటికి మళ్లిపోయేవి. ఎనిమిదికి తక్కువ వచ్చాయంటే మోత అయిపోయినట్టే. నూకాలు వెంటనే మట్టితో వాకిలి మూసేసేది.

ఒకరోజు ఆకాశం నల్లబడింది. చేలో మోతచీమల పెద్ద పైడమ్మ తొందరపెట్టింది. ఎనిమిది వెళ్లాయి. మళ్లీ ఎనిమిది. అలా అయిదు గుంపులు వెళ్లేసరికి గింజలన్నీ అయిపోయాయి. మోతచీమలన్నీ రాతిగూట్లో దూరి కూర్చున్నాయి.

ఇక్కడ నూకాలు అయిదో గుంపును చూసింది. నిండుగా ఎనిమిది! ఇంకా వస్తాయనుకుని తలుపు తీసే ఉంచింది.

"నూకాలూ, వచ్చేస్తున్నా. తలుపేసుకో!" అంది వాన.

"కాస్త ఆగు తల్లీ! మావాళ్లు దారిలో ఉన్నారు. ఇప్పుడు మూస్తే బయటే మునిగిపోతారు."

"మబ్బు నన్ను మోయలేకపోతోందే. ఎలా ఆగను?"

వాన కురిసింది. నూకాలు వాకిలికి అడ్డంగా పడుకుంది. అయినా నీళ్లు ఆగలేదు. గింజలన్నీ నానిపోయాయి. ఒక వరస గుడ్లు కొట్టుకుపోయాయి.

తెల్లారి పైడమ్మ వచ్చి, గుడ్ల గదిలో ఖాళీ అయిన వరస చూసి ఏడ్చింది. "మోత అయిపోయాక తలుపెందుకు తీసి ఉంచావే?"

"అయిపోయిందని నాకెవరు చెప్పారక్కా? ఎన్ని గింజలో ముందే చెప్పలేవా?"

"ఏరితేగానీ నాకే తెలీదే!"

ఇద్దరూ కలిసి నానిన గింజలు బయట ఆరబోశారు. చివరికి నూకాలే అంది: "ఆఖరి గుంపు నిండుగా ఎనిమిదే అయితే, వెనకాల ఇంకో చీమను పంపక్కా."

"నోట ఏం పెట్టి పంపను? గింజ ఉండదుగా."

"ఏమీ వద్దు. ఉత్తనోటితోనే రానీ. దాన్ని చూసి తలుపు మూస్తాను."

మళ్లీ మబ్బు పట్టిన రోజు మూడు నిండు గుంపులు వచ్చాయి. వాటి వెనక ఒక్క చీమ, నోట ఏమీ లేకుండా, సిగ్గుపడుతూ పరుగెత్తుకొచ్చింది. నూకాలు దాన్ని లోపలికి లాగి వాకిలి మూసింది. బయట జోరువాన. లోపల గుడ్ల గది పొడిగా ఉంది.

అప్పటినుంచే, వాన ముందు సాగే చీమల బారు చివర ఉత్తనోటి చీమ ఒకటి గబగబా నడుస్తుంది. అది లోపలికి వెళ్లగానే వాకిలి మూతపడుతుంది.