సత్యవేణి మనవడి ఉయ్యాల

నరసాపురం దగ్గర లేసులు అల్లే ఒక వీధిలో సత్యవేణి అనే ఆవిడ ఉండేది. ఆవిడకు చేతకాని పని ఈ లోకంలో ఒక్కటే: ఎదుటి మనిషికి "వద్దు" అని చెప్పడం.

అది అలాంటిలాంటి మొహమాటం కాదు. బీరకాయల బండివాడు గుమ్మం ముందు ఆగి "తీసుకోండమ్మా" అంటే చాలు, బండి మొత్తం దింపించేసేది. ఇక నెల పొడుగునా ఆ ఇంట్లో బీరకాయ కూర, బీరకాయ పచ్చడి, బీరపొట్టు వేపుడు. ఆఖరికి వాళ్ళ పిల్లి బీరకాయ కనిపిస్తే గోడ దూకి పారిపోయేది. రాంగు నంబరు ఫోను వస్తే పెట్టెయ్యడానికి మొహమాటపడి, ముక్కూమొహం తెలియని వాళ్ళతో పూటంతా మాట్లాడేది. అలా మాట్లాడిన ఒకావిడ కూతురి పెళ్ళికి వెళ్ళి చీర కూడా పెట్టి వచ్చిందని వీధంతా చెప్పుకునేవారు.

ఆ సత్యవేణి ఇంటికి కూతురు ప్రసూన పురిటికి వచ్చింది. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు నిలిచిన కడుపు. ఆ నెలల్లో ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మేవారు కూడా కాదు. మొత్తానికి మగపిల్లాడు పుట్టాడు. పిల్లాడంటే ఎంత పిల్లాడు? చింతపండు ముద్దంత! కాస్త తొందరపడి వచ్చేశాడు. వాడు ఆవలిస్తే ఇంటిల్లిపాదీ పనులు మానుకుని చూడ్డానికి పరిగెత్తేవారు.

ఇంటికి పంపించే రోజున డాక్టరమ్మ తల్లినీ అమ్మమ్మనూ కూర్చోబెట్టి చెప్పింది.

"బాబును ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి. కింద గట్టి పరుపు, దాని మీద బిగించి దోపిన దుప్పటి. అంతే. దిండు వద్దు, బొంతలు వద్దు, బొమ్మలు వద్దు. చుట్టూ మెత్తటి బాలీసులు పేర్చొద్దు. ఇంకా మెడ నిలవని పిల్లాడు. ముక్కుకు ఏదైనా అడ్డొస్తే తోసెయ్యలేడు. ఒక్కోసారి ఏడవను కూడా ఏడవలేడు."

ఆ చివరి మాటకు సత్యవేణి కుర్చీ అంచుకు జరిగింది. "అలాగేనమ్మా, అలాగేనమ్మా" అంటూ ఆవిడ తల ఊపిన ఊపుకి కొప్పు ఊడి, పిన్నులన్నీ డాక్టరమ్మ బల్ల మీద పడ్డాయి.

ఇంటికి రాగానే చెక్క ఉయ్యాల తొట్టి కడిగి ఎండబెట్టింది. అడుగున చదునుగా పలుచటి పరుపు వేసి అరచేత్తో నొక్కి చూసింది. గుంట పడలేదు. దుప్పటిని నాలుగు వైపులా లాగి లోపలికి దోపింది. కిటికీ తెర అందనంత దూరంగా, ప్రసూన మంచం పక్కనే తొట్టి పెట్టింది. ఖాళీ తొట్టిలో మనవణ్ణి వెల్లకిలా పడుకోబెడితే వాడు హాయిగా నిద్రపోయాడు. వాడి పొట్ట పైకీ కిందికీ కదలడం సత్యవేణి మంచినీళ్ళు కూడా తాగకుండా చూస్తూ కూర్చుంది.

కానీ ప్రసూనకు దిగులు తీరలేదు.

"అమ్మా, ఉయ్యాలలో వేసే రోజున అందరూ వస్తారు. తలా ఒకటీ తెస్తారు. నువ్వు ఎవరికీ వద్దని చెప్పవు. నాకు భయంగా ఉందే."

"పిచ్చిపిల్లా! నీ కొడుకు దగ్గర కూడా మొహమాటపడతానుటే?" అంది సత్యవేణి.

ఆ వీధికి ఒక ఆచారం ఉండేది. బిడ్డను ఉయ్యాలలో వేసే రోజున ప్రతి ఇంటి నుంచీ తాము స్వయంగా అల్లిన లేసు ఏదో ఒకటి తెచ్చేవారు. ఆ పూట అది ఉయ్యాలలో కనిపించాలి. కనిపించకపోతే "మా చేతి పని నచ్చలేదు కాబోలు" అని మూతి ముడిచేవారు. ఆ వీధి ఆడవాళ్ళ మూతి ముడవడమంటే సామాన్యం కాదు. అమ్మమ్మకు జరిగిన అవమానాన్ని మనవరాలు కూడా గుర్తు పెట్టుకునేది.

ఆ రోజు రానే వచ్చింది. అందరికంటే ముందు వియ్యపురాలు మంగతాయారు దిగింది. వెనకాల ఆటోలో ఒక బూరుగుదూది పరుపు.

"దగ్గరుండి కుట్టించాను వదినగారూ! చెయ్యి పెట్టి చూడండి, మోచేతి దాకా దిగిపోతుంది."

సత్యవేణి చెయ్యి పెట్టింది. నిజంగానే దిగిపోయింది. "మరి... డాక్టరమ్మ..." అంటూ గొణిగింది.

"ఏమిటీ?"

"అబ్బే, ఎంత మెత్తగా ఉందో అంటున్నాను వదినగారూ."

పరుపు తొట్టిలోకి వెళ్ళింది. ఆ వెనకే తోడికోడలు వెంకాయమ్మ ఆవాల దిండు పట్టుకుని వచ్చింది.

"ఇది తల కింద పెట్టవే. పెట్టకపోతే తల గుండ్రంగా రాదు. మీ ఆయన తల చూశావుగా, పీచు తియ్యని కొబ్బరికాయలా ఎలా తయారైందో!"

"పెడతానక్కా" అంది సత్యవేణి.

ఇక లేసులు మొదలయ్యాయి. లేసు కుచ్చుల దుప్పటి, లేసు టోపీ, అటొకటి ఇటొకటి లేసు గలీబులు తొడిగిన బాలీసులు. తొట్టి నిండి పొంగి, బిడ్డకు చోటెక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. సత్యవేణి ఒక్కొక్కటీ పెడుతూ "వీళ్ళు ఒక్కసారి చూసుకున్నాక తీసేస్తాను" అనుకుంది. తరవాత "ఫొటోలు అవ్వగానే తీసేస్తాను" అనుకుంది. ఆ తరవాత "భోజనాలు కానీ" అనుకుంది.

తలంటి పోసుకుని సాంబ్రాణి పొగ దగ్గర కూర్చున్న ప్రసూన పక్కగదిలోంచి కేకేసింది.

"అమ్మా! తొట్టిలో ఏమీ పెట్టలేదు కదూ?"

అందరూ సత్యవేణి వంక చూశారు.

"నేను చూసుకుంటున్నానుగా తల్లీ!" అంది సత్యవేణి. ఆ మాట అన్నాక ఆవిడ నోరు వేపాకు నమిలినట్టు చేదెక్కిపోయింది.

ప్రసూన జుట్టు ఆరేలోగా ముహూర్తం దాటిపోతుందని బిడ్డను తొట్టిలో వేశారు. పాటలు పాడారు. వాడు కాసేపు ఏడ్చాడు, కాళ్ళతో తన్నాడు. తొట్టి చిన్నగా ఊగుతూ ఉంది. అందరూ వసారాలో భోజనాలకు లేచారు. సత్యవేణి పులిహోర పళ్ళెం పట్టుకుని గుమ్మం పక్కన నిలబడింది. అక్కడినుంచి తొట్టి కనిపిస్తూనే ఉంది. కానీ కనిపించేదంతా లేసే.

మంగతాయారు ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కాశీ ప్రయాణం సంగతి మీకు చెప్పలేదు కదూ వదినగారూ?"

కథ మొదలైంది. ఆ కథలో రైలు ఎక్కడానికే పొద్దువాలేలా ఉంది. సత్యవేణి చెవులు కథ దగ్గర, కళ్ళు తొట్టి దగ్గర. ఏడుపు సన్నబడింది. ఆగిపోయింది.

"పడుకున్నాడు బంగారుకొండ" అంది వెంకాయమ్మ.

తొట్టి ఊగడం కూడా ఆగింది.

"వదినగారూ, ఒక్కసారి లోపలికి..." అని లేవబోయింది సత్యవేణి.

"ఉండండుండండి, అసలు సంగతి ఇప్పుడే! ఆ టీటీ వచ్చి ఏమన్నాడనుకున్నారు?"

సత్యవేణి కూర్చుంది. ఒక్కోసారి ఏడవను కూడా ఏడవలేడు. డాక్టరమ్మ మాట చెవిలో రొద పెట్టింది. నిద్రపోయాడా? నిద్రపోతే కాలు ఒక్కసారైనా కదలదా? లేచి వెళితే వియ్యపురాలు ఏమనుకుంటుంది? వెళ్ళకపోతే...

"ఇక వద్దు, వదలండి!" అని అరిచింది సత్యవేణి.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట వచ్చిన మొదటి "వద్దు" అది. చెయ్యి విదిలించుకుని లేచింది. పులిహోర వసారా అంతా చిమ్మింది. మనుషుల మీదినుంచి అంగలు వేసుకుంటూ తొట్టి దగ్గర పడింది. లేసు దుప్పటి లాగేసింది, బాలీసులు విసిరేసింది.

ఇక్కడినుంచి ఒక్క ముక్క కూడా పెంచి చెప్పడం లేదు. బిడ్డ మెత్తటి పరుపులో కూరుకుపోయి ఉన్నాడు. దిండు ఎత్తుకు గడ్డం గుండెకు ఆనుకుపోయింది. మొహం ఒక పక్కకు తిరిగి బాలీసులో దూరింది. పెదాలు నల్లబడ్డాయి.

సత్యవేణి వాణ్ణి పైకెత్తింది. మెడ కింద చెయ్యి వేసి తిన్నగా పట్టుకుని వీపు రుద్దింది. వాడు కదల్లేదు. "నాన్నా, నాన్నా" అంటూ అరికాలు మీద తట్టింది. తడి తలతోనే ప్రసూన పరిగెత్తుకొచ్చి, తల్లి చేతుల్లో కొడుకుని చూసి గుమ్మంలోనే కూలబడిపోయింది.

అప్పుడు బిడ్డ నోరు తెరిచాడు. ఒక్క ఊపిరి లోపలికి లాగాడు. తరవాత ఏడ్చాడు. ఆ ఏడుపు గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో పడవవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది!

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పరీక్ష చేసి "సమయానికి చూశారు, గండం గడిచింది" అంది. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని సత్యవేణికి అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి వచ్చినవాళ్ళెవరూ ఇంకా ఇళ్ళకు వెళ్ళలేదు. సత్యవేణి తొట్టిలోంచి మెత్తటి పరుపు తీసింది, దిండు తీసింది, టోపీ తీసింది. గట్టి పరుపు మీద దుప్పటి బిగించి దోపింది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టింది.

"మీరంతా ప్రేమతోనే తెచ్చారు. అన్నీ దాచుకుంటాను. కానీ ఈ తొట్టిలో వాడొక్కడే ఉంటాడు" అంది.

"అయితే మా దిండు పనికిరానిదైందన్నమాట!" అని వెంకాయమ్మ ఆవాల దిండు చంకన పెట్టుకుని చరచరా వెళ్ళిపోయింది. సత్యవేణి వెనకాల పరిగెత్తలేదు.

మంగతాయారు బూరుగుదూది పరుపు చుట్టి మూలన పెట్టింది.

"నా మనవడి ఊపిరి కన్నా నాకు పరుపు ఎక్కువా వదినగారూ?" అంది. "ముందే ఒక్క మాట అని ఉంటే నేను కాదంటానా? నేనేమైనా మింగేస్తానా?"

ప్రసూన తల్లి వంక చూడకుండా తొట్టి పక్కన కూర్చుని, కొడుకు పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ ఉండిపోయింది. కూతురు మళ్ళీ తన వంక చూసేదాకా సత్యవేణి కూడా అక్కడే నేల మీద కూర్చుంది.

నీతి: అలిగినవాళ్ళను రేపు బతిమాలుకోవచ్చు గానీ ఆగిన ఊపిరిని బతిమాలలేం. అందుకే పసిబిడ్డ పక్కలో బిడ్డ తప్ప ఇంకేమీ ఉంచకూడదు, నోరులేని బిడ్డ తరఫున "వద్దు" అని చెప్పడానికి పెద్దవాళ్ళు ఎన్నడూ మొహమాటపడకూడదు.