సింగారమ్మ ఒంట్లో హంతకులు

దండకొండ అడవిలో తేనెపట్టులన్నీ ఎలుగుబంటి సింగారమ్మవే. ఆమెకు రక్తకేన్సర్ వచ్చింది. తాబేలు డాక్టరమ్మ ఘాటైన మందులతో ఎముకల్లోని పాడైన మూలుగను తుడిచేసి, తమ్ముడు గంటయ్య మూలుగను ఎక్కించింది. వేరే జబ్బులు అంటకుండా, ఎవరూ దగ్గరికి రాకూడదని ఆమెను గుహలో ఒంటరిగా ఉంచింది.

ఆమె పోతే తేనె కాజేద్దామని కాచుక్కూర్చున్న నక్క నరసింగం, మూడో వారం రాతిసందులోంచి తొంగిచూశాడు.

“వదినా, నీ తమ్ముడి మూలుగలో ఏమున్నాయో తెలుసా? నేచురల్ కిల్లర్లు! అంటే పుట్టు హంతకులు. డాక్టరమ్మ చీటీలోనే రాసుంది.”

సింగారమ్మ లేచి కూర్చుంది. “తేనె కోసం తమ్ముడే ఇంత పని చేశాడా?”

“మరి! మందులు మానేసి పారిపో. నీ మంచి కోరి చెప్తున్నా.”

సింగారమ్మ మందుగిన్నె విసిరికొట్టింది. అది లోపలికొస్తున్న డాక్టరమ్మ డిప్ప మీద ఠంగుమని మోగింది.

“నాకు హంతకుల్ని ఎక్కించావా?”

“ఎక్కించాను. నిన్ను కాపాడుతున్నది వాళ్లే,” అంది డాక్టరమ్మ, డిప్ప తడుముకుంటూ. “మంచి కణానికి మెడలో బిళ్ల ఉన్నట్టు ఓ గుర్తుంటుంది. ఒంట్లోని మిగతా కాపలావాళ్లు ఆ బిళ్ల చూసే దొంగను పట్టుకుంటారు కాబట్టి, కొన్ని కేన్సర్ కణాలు దాన్ని తీసేసి తిరుగుతాయి. అదే పెద్ద తెలివనుకుంటాయి! ఈ కిల్లర్లు వెతికేది బిళ్ల లేనివాణ్ణే. కనబడ్డాడా, అక్కడికక్కడే ఖతం. కొత్త మూలుగలోంచి అందరికంటే ముందు డ్యూటీ ఎక్కేదీ వాళ్లే.”

“మరి నా మంచి కణాలు?”

“వాటి జోలికి మామూలుగా పోరు.”

తమ్ముణ్ణి అనుమానించినందుకు సింగారమ్మ భోరుమంది. ఏడుపయ్యాక నక్క మీద ఒళ్లు మండింది.

మర్నాడు నక్క మళ్లీ వచ్చాడు. “ఇంకా ఇక్కడే ఉన్నావా వదినా?”

“ఉన్నాను మరిదీ. కిల్లర్లు బాగా బలిశారు. మెడలో బిళ్ల లేనివాడు కనబడితే చాలట. వాళ్లు తుమ్ములో బయటికొస్తారేమో… హా… హా…”

నరసింగం మెడ తడుముకున్నాడు. బొచ్చు తప్ప ఏమీ లేదు.

“ఆగు వదినా, ఆగు!”

“హాచ్!”

నక్క ముళ్లపొదలోంచి దూసుకుపోయి, వాగులో పడి, అవతలి ఒడ్డున లేచి మళ్లీ పరుగెత్తాడు. వంద రోజులకు సింగారమ్మ రక్తం శుభ్రంగా ఉందని తేలింది. నరసింగం మాత్రం ఈనాటికీ ఎవరు తుమ్మినా చెట్టు చాటుకు పోతాడు.

నీతి: పేరు విని బెదిరిపోకు, చేసే పనేమిటో అడుగు.