పలకని శంఖం

అనగనగా మూడు రాజ్యాలు, వాటి నడుమ ఒకే ఒక్క సముద్రం. అది ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ.

“సముద్రంలోకి విషం చేరనివ్వం” అని ఆ రాజుల తాతలు ఒట్టు పెట్టుకున్నారు. ఏటేటా సముద్రం ఒడ్డుకు తోసిన శంఖాన్ని ఊది ఆ ఒట్టు నిలబెట్టుకోవాలి. శంఖం మోగకుండా ఒడ్డు వదిలి వెళ్ళినవాడికి ఇక ఏ రేవులోనూ చోటు ఉండదు. అదీ కట్టుబాటు.

ఆ ఏడు ముగ్గురు ఏలికలూ గాలిరథాల్లో వచ్చి దిగారు. నూనె తాగి పొగ కక్కే రథాలవి. విందుకో రథం, వేటకో రథం, ఊసుపోకపోతే ఇంకో రథం!

వజ్రబాహు మహారాజు శంఖాన్ని పెదవికి ఆనించాడో లేదో, పొడిపొడి అయిపోయింది. గడ్డం నిండా సున్నం!

“నీది మొరటు చెయ్యి బావా!” అని నవ్వుతూ ధనగుప్త మహారాజు ఇంకోటి అందుకున్నాడు. అదీ వేళ్ళ మధ్యే చితికింది. నవ్వు ఆగిపోయింది.

మూడోది హేమలేఖ రాణి చేతికొచ్చింది. లోపలికి తొంగి చూసి కెవ్వుమంది. అందులో కాపురముండే శంఖమ్మ ఇంకా బతికే ఉంది!

“ఊదకమ్మా! నేను చచ్చినా పరవాలేదు. నా పిల్లల్ని చూడు.”

అలల్లో మెత్తటి పసికూనలు. ఒక్కదానికీ పెంకు లేదు. చేపలు వాటిని మెతుకుల్లా ఏరుకు తింటున్నాయి.

“అయ్యో! ఎవరు చేశారమ్మా ఈ పని?”

“మీ రథాల పొగ తల్లీ. నీళ్ళు దాన్ని తాగాయి, పుల్లబడ్డాయి. పులుపులో పెంకు నిలుస్తుందా?”

“మేం సముద్రంలో చుక్కైనా పొయ్యలేదే! పొగ వదిలింది ఆకాశంలో. ఆకాశానికి ఒట్టేమిటి?” అన్నాడు వజ్రబాహుడు.

“మేడ మీంచి బురద కుమ్మరించి, నేను వీధిలో పొయ్యలేదంటే ఒప్పుకుంటావా అన్నయ్యా?” అంది హేమలేఖ. “నిన్న తాటిముంజలు తినబుద్ధై రథంలో సముద్రం దాటి వెళ్ళొచ్చాను. ఆ పొగ నాది. నేను పడవలోనే తిరిగి వెళతాను.”

“మరి శంఖం? అది మోగందే కదలకూడదుగా!” అన్నాడు ధనగుప్తుడు.

“శంఖం బదులు మన మాటే మోగాలి. ఊసుపోని తిరుగుడు మానేద్దాం. తప్పని ప్రయాణానికి ముగ్గురం ఒకే రథం ఎక్కుదాం. పొగలేని నూనె వెతికిద్దాం. పెంకులు మళ్ళీ గట్టిపడేదాకా ఎవరూ శంఖం ముట్టొద్దు.”

ఇద్దరూ చేతులకంటిన సున్నం చూసుకున్నారు. ముగ్గురూ నీళ్ళలోకి దిగి ఒట్టేశారు. హేమలేఖ శంఖమ్మను మెల్లగా అలలోకి వదిలింది.

ఏళ్ళు గడిచాయి. ముగ్గురూ మాట తప్పలేదు. హేమలేఖ జుట్టు నెరిసింది. ఒకనాడు సముద్రం ఒక ఖాళీ శంఖాన్ని ఒడ్డుకు తోసింది. తీయబోతే బరువుగా ఉంది. భయపడుతూనే ఊదింది.

మూడు రాజ్యాలకూ వినబడింది.

పొగను ఎక్కడ వదిలినా పాపం మనదే. అందరి సొత్తును కాపాడే పని, తమ తప్పు ముందుగా ఒప్పుకున్నవారితోనే మొదలవుతుంది.